కారు వెనక కన్నుకు మసక పడితే...

అమలాపురం, (మా గ్రామీణ విలేకరి): కోనసీమలో ఒకప్పుడు పెళ్ళివారి యింటి ముందు తప్ప కారు కనిపించేది కాదు. నేడు కాలువగట్టు మీది చిన్న ఊళ్ళలో సైతం కార్లున్నాయి. దారులు మాత్రం వెడల్పు కాలేదు. ఒక పక్క కాలువ, మరో పక్క బోదె. కొబ్బరికాయల లారీ ఎదురైతే కారు వెనక్కి పోక తప్పదు. అటువంటి వేళ నడిపేవారికి వెనక కన్నుగా వుంటున్నది డిక్కీ తలుపుకు బిగించిన చిన్న కెమెరా. ఆ కన్ను పనిచేయకపోతే?

పోయిన సంక్రాంతికి మా బావగారింట అదే జరిగింది. రివర్సు గేరు వేయగానే తెరమీద వాకిలి కనిపించవలసింది పోయి నీలిరంగు నిండిపోయింది. ఎప్పుడూ చూసే వాకిలే గదా అని ఆయన బండి కదిలించబోయారు. మా అక్క కేక వేయబట్టి సరిపోయింది. నాలుగేళ్ళ మనుమడు గాలిపటం దారం కోసం వెనక చక్రం దగ్గర వంగి వున్నాడు.

కారును పట్నంలోని ఒక దుకాణానికి తీసుకువెళితే కెమెరా, తెర రెండూ మార్చాలన్నారు. ధర విని బావగారు తిరిగి వచ్చేశారు. తర్వాత ట్రాక్టర్లకు వైరింగు చేసే మా ఊరి ఎలక్ట్రీషియను చూశాడు. ఆయన ముందుగా కెమెరా జోలికి పోలేదు. కారు వెనక తెల్లదీపం వెలుగుతున్నదా అని అడిగాడు.

కిటుకంతా అక్కడే వున్నది. రివర్సు గేరు పడగానే గేరుబాక్సు వద్దనున్న స్విచ్చి కలిసి, వెనకనున్న తెల్లదీపం వెలుగుతుంది. బయట దుకాణాల్లో బిగించే కెమెరాలు చాలావరకు ఆ దీపం వైరు నుంచే కరెంటు తీసుకుంటాయి. తెర మేల్కొనేదీ ఆ కరెంటుతోనే. కనుక దీపమే వెలగకపోతే తప్పు కెమెరాది కాదు. ఫ్యూజు పోయి వుండాలి, లేదా గేరుబాక్సు స్విచ్చి చెడి వుండాలి. ఫ్యూజు మార్చేటప్పుడు దానిమీద ఎన్ని ఆంపియర్లని వుంటే అంతదే వేయాలి. తీగముక్క చుట్టి సరిపెట్టే అలవాటు మన మోటారు షెడ్లలో వున్నది గాని కారులో అది నిప్పుతో చెలగాటం.

దీపం వెలిగినా తెరమీద పాటల బొమ్మే వుంటే, తెరకు వెళ్ళే సంకేతపు వైరు వూడి వుండవచ్చు. తెర మారి నీలంగానో నల్లగానో వుండిపోతే, కెమెరాకు కరెంటు అందడం లేదు, లేదా బొమ్మ తెచ్చే పసుపు ప్లగ్గు వదులైంది. బొమ్మ వణుకుతూ చారలు పడుతుంటే ఎర్తు వైరు చూడాలి. ఉప్పుగాలి తగిలే అంతర్వేది, ఓడలరేవు వైపు రాగి తీగలకు చిలుం పట్టడం మామూలే. గీకి బిగిస్తే సరిపోతుంది. ఎలుకలు కొరికిన వైర్లు సరేసరి.

బావగారి కారులో దీపం వెలుగుతున్నది, తెరా మారుతున్నది. ఎలక్ట్రీషియను డిక్కీ తలుపు మడత దగ్గరున్న రబ్బరు గొట్టాన్ని వెనక్కి లాగాడు. లోపల సన్నని వైరు తెగి వుంది! కాయల బస్తాలకూ, ఎరువు సంచులకూ రోజుకు పదిసార్లు తలుపు ఎత్తి దించుతూంటే వైరు అక్కడే నలిగి తెగుతుంది. పైన తొడుగు బాగానే కనిపిస్తుంది, లోపల రాగి వుండదు. జానెడు వైరు వేసి టంకం పెట్టాడు. అరగంట పని.

అయితే కంపెనీవారే అమర్చిన కెమెరా అయి, గ్యారంటీ గడువు ఇంకా వుంటే వైర్లు కోయవద్దు. వారి సర్వీసు కేంద్రానికే చూపించాలి.

బొమ్మ మసకగా వుంటే చాలాసార్లు బురదే కారణం. తడిపిన మెత్తటి గుడ్డతో తుడవాలి. కిరసనాయిలు, ఇసుక తగిలిన పాతగుడ్డ వాడితే అద్దం గీతలు పడిపోతుంది. లోపలే ఆవిరి పట్టినట్లుంటే నీరు చేరినట్లు. అప్పుడు మాత్రం కెమెరా మార్చవలసిందే. కొత్తది బిగించాక ఒక మనిషిని కారుకు ఎడమవైపు, చక్రాలకు దూరంగా నిలబెట్టి చూడండి. తెరమీదా ఎడమనే కనిపించాలి. లేకుంటే కుడి ఎడమలు తారుమారై కాలువలోకి దారి తీస్తుంది.

ఈ పరీక్షలన్నీ చదును నేలమీద, ఇంజను ఆపి, తాళం మాత్రం తిప్పి, హ్యాండుబ్రేకు వేసి చేయాలి. చక్రాలకు రాళ్ళు అడ్డం పెట్టడం మరవరాదు.

అమెరికాలో 2018 మే నుంచి తయారయ్యే కొత్త కార్లన్నిటికీ కెమెరా తప్పనిసరి చేశారు. మన దేశంలో 2019 జూలై 1 నుంచి కొత్త కార్లకు వెనక అడ్డు వస్తే కూత పెట్టే సెన్సార్లు తప్పనిసరి అయ్యాయి. కెమెరా మాత్రం కొనేవారి యిష్టమే. బాగున్న కెమెరాలో కూడా వస్తువు వున్నదానికన్నా దూరంగా కనిపిస్తుంది. పక్కనుంచి పరుగెత్తి వచ్చే పిల్లవాడు ఆఖరి క్షణం దాకా కనిపించడు.

బావగారి కెమెరా ఇప్పుడు చక్కగా పనిచేస్తున్నది. అయినా తాళం తిప్పేముందు ఆయన దిగి ఒకసారి వెనక్కి నడిచి చూస్తారు. మా అక్క పిల్లలందరినీ అరుగు ఎక్కించి లెక్కపెట్టాకే, ‘ఇక పోనీండి’ అంటుంది.