చిన్న మాటలు – పెద్ద భేదములు

తెలుగున 'బండి వచ్చినది' యనినచో ఏదో యొక బండి కావచ్చును. మనమెరిగిన ఆ బండియే కావచ్చును. సందర్భమే అర్థమును తెలుపును. ఆంగ్లభాష యట్లు కాదు. వినువాడెరుగని వస్తువునకు ముందు 'ఎ' యనియు, ఎరిగినదానికి ముందు 'ది' యనియు చేర్పవలెను. ప్రాచీనాంగ్లమున 'ఆ' యను అర్థముగల పదమునుండియే ఈ 'ది' పుట్టినది.

సిరికొండ బాలుడొకడు తన జిల్లాను గూర్చి ఆంగ్లమున వ్రాయుచున్నాడనుకొందము. "బోధనులో 1937లో ఒక చక్కెర కర్మాగారము స్థాపింపబడినది. ఆ కర్మాగారము 2015లో మూతపడినది." మొదటి వాక్యమున 'ఎ ఫ్యాక్టరీ' యనవలెను, రెండవదానిలో 'ది ఫ్యాక్టరీ' యనవలెను. ఏలయన, అప్పటికి చదువరి దాని నెరిగియున్నాడు. సిరికొండ, బోధను వంటి ఊళ్ళ పేర్లకు ముందు 'ది' రాదు. నదుల పేర్లకు మాత్రము వచ్చును. కందకుర్తి యొద్ద కలియు నదులను 'ది గోదావరి', 'ది మంజీర' యని వ్రాయవలెను.

ఇక నొక్కిచెప్పుటను గూర్చి తెలిసికొందము. తెలుగున ఏకారమును చేర్చిన చాలును. 'నేడే', 'ఇచ్చటనే', 'మా నాయనయే' యందుము. మనలో పలువురు ఆంగ్లమున ఈ ఏకారమునకు బదులు అన్నిచోట్లను 'ఓన్లీ' యను మాటను ఉంచుదురు. అందువలన కలుగు చిక్కును చూడుడు.

అన్నదమ్ములిరువురకు ఉమ్మడి చెరకు తోట కలదనుకొందము. కాలువ నీటికై పెట్టిన అర్జీపై ఇరువురును సంతకములు చేసిరి. అన్న చేవ్రాలు ఆయనదేనా యని అధికారి అడిగెను. కుమారుడు "మా నాయనయే చేసినాడు" అని చెప్పదలచి, "ఓన్లీ మై ఫాదర్ సైన్డ్ ఇట్" అని వ్రాసెను. దానికి "మా నాయన యొక్కడే చేసినాడు, మరియెవ్వరును చేయలేదు" అని అర్థము. అట్లయిన పినతండ్రి పేరును వ్రాసినదెవరు? అధికారికి అనుమానము కలుగును, అర్జీ తిరిగివచ్చును, పైరు ఎండును.

ఆ బాలుడు "మై ఫాదర్ హిమ్‌సెల్ఫ్ సైన్డ్ ఇట్" అని వ్రాయవలసినది. 'హిమ్‌సెల్ఫ్' అనగా తానే స్వయముగా నని భావము. సంతకమే చేయలేదని యెవరైన వాదించినచో "మై ఫాదర్ డిడ్ సైన్ ఇట్" అనవలెను. ఇచ్చట 'డిడ్' అను మాట ఆ పని నిజముగా జరిగినదని గట్టిగా తెలుపును. ఇతరులను త్రోసిపుచ్చు తావున 'ఓన్లీ' చెల్లును. 'ది' యను మాటయు ఒక్కొక్కప్పుడు నొక్కిచెప్పుటకు ఉపకరించును. దానిని 'దీ' యని దీర్ఘముగా ఒత్తి పలికినచో, ఆ జాతిలో మేటి యను అర్థము వచ్చును.

కావున ఆంగ్లమున వ్రాయునపుడు రెండు ప్రశ్నలు వేసికొనుడు. చదువరి ఈ వస్తువును ముందే యెరుగునా? నేను నొక్కిచెప్పదలచినది దేనిని? ఈ రెంటికిని సమాధానము తెలిసినవాని మాట, ఎదుటివాడు తప్పుగా గ్రహింపడు.