కాలేజీ పక్కన మంచు కొండ ఉందని సీటు తీసుకోవచ్చా? మ్యాప్ కాదు, క్యాలెండర్ చూడండి

ఈ రోజు ఎపిసోడ్ మొత్తం ఒక్క మెసేజ్ మీదే. మన అనంతపురం జిల్లా తమ్ముడు ఒకడు పంపాడు. పేరు చెప్పొద్దన్నాడు, చెప్పను. మెసేజ్ మాత్రం చదువుతా.

"అన్నా, నాకు జోసా కౌన్సెలింగ్‌లో ఎన్ఐటీ శ్రీనగర్ సివిల్ వచ్చేలా ఉంది. ఈఏపీసెట్‌లో అయితే అనంతపురం జేఎన్‌టీయూలో ఈసీఈ వస్తాదని అనుకుంటున్నా. నాకు స్కీయింగ్ అంటే పిచ్చి. శ్రీనగర్ నుంచి గుల్‌మార్గ్ 50 కిలోమీటర్లే అంట. మా నాయనకు చెప్తే, శెనక్కాయ పంట పోయి నేను ఏడుస్తాంటే నువ్వు మంచులో జారేకి పోతావా అన్నాడు. నాది తప్పా అన్నా?"

ముందు ఆన్సర్ చెప్పేస్తా తమ్ముడూ. నీ ఆశ తప్పు కాదు. నీ లెక్కలోనే ఒక తప్పు ఉంది. 50 కిలోమీటర్లు అని మ్యాప్ చూసి చెప్తున్నావు. మనం చూడాల్సింది క్యాలెండర్. ఏడాదిలో నువ్వు నిజంగా ఎన్ని రోజులు మంచు మీద ఉంటావు? ఆ ఒక్క నంబర్ తెలిస్తే సగం గొడవ తీరిపోతుంది.

ముందు నా కథ, రెండు నిమిషాలు

నేను టెన్త్ దాకా అనంతపురంలో ఆర్డీటీ గ్రౌండ్‌లో ఫుట్‌బాల్ ఆడేవాణ్ణి. బయట ఊర్ల వాళ్లకు తెలియకపోవచ్చు. ఏడాదికి 550 మిల్లీమీటర్ల వాన కూడా సరిగ్గా పడని మా ఊర్లో పచ్చటి గ్రౌండ్లు ఉన్నాయి. క్రికెట్, హాకీ, ఫుట్‌బాల్ అన్నీ ఉన్నాయి. 2010లో రాఫెల్ నాదల్ ఫౌండేషన్ టెన్నిస్ స్కూల్ మొదలుపెట్టింది ఇక్కడే. 2024లో దులీప్ ట్రోఫీ మ్యాచ్‌లు జరిగింది కూడా ఇక్కడే.

అలాంటి చోట ఆడి, బీటెక్‌కు ఒక కాలేజీ ఎంచుకున్నా. పేరు అనవసరం. బ్రోచర్‌లో పెద్ద గ్రౌండ్ ఫోటో చూసి పడిపోయా. చేరాక చూస్తే సగం గ్రౌండ్‌లో కాలేజీ బస్సులు నిలబెట్టేవాళ్లు. క్లాసులు, ల్యాబులు అయ్యేసరికి ఐదు. ఆరుకు హాస్టల్‌లో అటెండెన్స్. మిగిలిన గంటలో స్నానం చేయాలా, తినాలా, ఆడాలా? నా రూమ్ నుంచి గ్రౌండ్ 200 మీటర్లు. నాలుగేళ్లలో నేను ఆడింది పదిసార్లు కూడా లేదు. తర్వాత బెంగళూరులో జాబ్ వచ్చాక, గంటకు డబ్బులు కట్టి టర్ఫ్‌లో ఆడా. అప్పటికి మోకాళ్లు, ఊపిరి రెండూ మాట వినడం మానేశాయి.

200 మీటర్ల దూరంలో ఉన్నదే నాకు దొరకలేదు. అందుకే 50 కిలోమీటర్లు అని నువ్వు అన్నప్పుడు నాకు వెంటనే డౌట్ వచ్చింది.

శ్రీనగర్ లెక్క

గుల్‌మార్గ్ దాదాపు 2,650 మీటర్ల ఎత్తులో ఉంటుంది. అక్కడి నుంచి గొండోలా, అంటే తీగ మీద నడిచే క్యాబిన్, రెండు దశల్లో అఫర్వత్ కొండ మీదికి, దాదాపు 4,000 మీటర్ల దాకా తీసుకెళ్తుంది. స్కీయింగ్ సీజన్ మామూలుగా డిసెంబర్ చివర నుంచి మార్చి దాకా. పీక్ అంటే జనవరి, ఫిబ్రవరి.

ఇక్కడే అసలు విషయం. కాశ్మీర్‌లో చదువుల క్యాలెండర్ మనలాగా ఉండదు. మనకు ఎండాకాలం సెలవులు పెద్దవి, వాళ్లకు చలికాలం సెలవులు పెద్దవి. ఎన్ఐటీ శ్రీనగర్ కూడా మంచు బాగా పడే రోజుల్లో లాంగ్ వెకేషన్ ఇస్తుంది. బయటి రాష్ట్రాల పిల్లలు ఎక్కువమంది అప్పుడు బ్యాగులు సర్దుకుని ఇంటికి పోతారు. అంటే గుల్‌మార్గ్ తెల్లగా మెరిసిపోతున్నప్పుడు నువ్వు అనంతపురంలో సంక్రాంతి బొబ్బట్లు తింటుంటావు!

"అయితే వేస్ట్ కదన్నా" అంటావా? ఆగు. ఇదే సెలవు నీకు ప్లస్ కూడా కావచ్చు. స్కీయింగ్ అనేది ఆదివారం పోయి ఆదివారం రావడంతో వచ్చేది కాదు. మొదటి రోజంతా బూట్లు బిగించుకోవడం, కింద పడటం, లేవడం, అంతే. వరసగా పది పన్నెండు రోజులు చేస్తేనే ఒంటికి ఎక్కుతుంది. అందుకే గుల్‌మార్గ్‌లో కేంద్ర పర్యాటక శాఖ నడిపే ఇండియన్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ స్కీయింగ్ అండ్ మౌంటెనీరింగ్ కోర్సులు నడుపుతుంది. మనాలీలో అటల్ బిహారీ వాజ్‌పేయీ ఇన్‌స్టిట్యూట్ కూడా సోలాంగ్ వైపు మంచులో నేర్పిస్తుంది. బేసిక్ కోర్సు అంటే సుమారు రెండు వారాలు అనుకో.

ఇప్పుడు లెక్క వేద్దాం. శ్రీనగర్‌లో చదువుతూ, చలికాలం సెలవుల్లో వెంటనే ఇంటికి రాకుండా కోర్సు చేశావు. 12 రోజులు. కాలేజీ తెరిచాక మార్చి దాకా దొరికే ఆదివారాల్లో వాతావరణం, ఎగ్జామ్స్ పోగా రెండు. మొత్తం 14 రోజులు. కోర్సు చేయకుండా ఇంటికి వచ్చేస్తే? ఆ రెండు రోజులే. అదే కాలేజీ, అదే కొండ. ఒకడికి 14, ఒకడికి 2.

అనంతపురం లెక్క

సరే, ఇక్కడే జేఎన్‌టీయూలో చేరావనుకో. జనవరి, ఫిబ్రవరి అంటే మనకు క్లాసులు జరిగే రోజులు. అనంతపురం నుంచి ఢిల్లీకి రైల్లో దాదాపు రోజున్నర. అక్కడి నుంచి కట్రాకు ఒక రాత్రి. 2025 జూన్ నుంచి కట్రా, శ్రీనగర్ మధ్య వందే భారత్ నడుస్తోంది కాబట్టి ఆ ముక్క ఈజీ అయింది. అయినా పోవడానికి మూడు రోజులు, రావడానికి మూడు రోజులు పెట్టుకో. కోర్సుతో కలిపి 20 రోజులు.

అటెండెన్స్ 75 శాతం ఉండాలి. సెమిస్టర్‌కు 90 పనిదినాలు అనుకుంటే నువ్వు మానేయగలిగింది 22 రోజులు. నీ 20 రోజుల్లో ఆదివారాలు తీసేస్తే 17. అంటే ఒకే ట్రిప్‌లో దాదాపు అంతా అయిపోయింది. ఆ తర్వాత జ్వరం వచ్చినా, ఇంట్లో పెళ్లి ఉన్నా, నీకు సెలవు లేదు. నాలుగేళ్లలో ఒక్కసారి చేయగలవు. ప్రతి ఏడాదీ చేస్తానంటే అది డిటెన్షన్‌కు దరఖాస్తు పెట్టినట్టే.

కాబట్టి శ్రీనగర్‌కు నిజమైన అడ్వాంటేజ్ ఉంది. ఒప్పుకుందాం. కానీ అది దూరం వల్ల వచ్చింది కాదు, సెలవులు ఎప్పుడిస్తారు అన్నదాని వల్ల వచ్చింది.

మంచు కూడా వాన లాంటిదే

ఇది అనంతపురం వాళ్లకు నేను చెప్పాల్సిన పని లేదు. జూన్ అయిపోయి జులై వస్తుంది, శెనక్కాయ విత్తనం ఇంట్లో మూటల్లో ఉంటుంది, మోడం వస్తుంది, పోతుంది. గుల్‌మార్గ్‌లో కూడా అంతే. 2024 జనవరిలో చాలా రోజులు అక్కడ మంచే లేదు, గోధుమరంగు గడ్డి కనిపించింది. 2025లో గుల్‌మార్గ్‌లో ఫిబ్రవరిలో జరగాల్సిన ఖేలో ఇండియా వింటర్ గేమ్స్‌ను మంచు చాలక వాయిదా వేసి మార్చిలో పెట్టారు. నేషనల్ ఈవెంట్ పరిస్థితే అది. నువ్వు సీటు తీసుకునేది నాలుగేళ్లకు. ఆ నాలుగులో ఒక ఏడాది మంచు కరువు రావచ్చని లెక్కలో ముందే రాసుకో.

ఇంకోటి, ప్రాణం సంగతి. 2023 ఫిబ్రవరిలో అఫర్వత్ దగ్గర మంచుచరియ విరిగిపడి ఇద్దరు పోలండ్ స్కీయర్లు చనిపోయారు. 2024 ఫిబ్రవరిలో ఒక రష్యన్. నేర్చుకునే వాళ్లు ఉండే కింది వాలు వేరు, పైన కాపలా లేని వాలు వేరు. ఇన్‌స్ట్రక్టర్ వద్దన్న చోటికి రీల్ కోసం పోవద్దు. 2025 ఏప్రిల్‌లో పహల్గాం దాడి తర్వాత మీ అమ్మానాన్నకు కాశ్మీర్ అంటేనే భయం ఉంటే, దాన్ని పాతకాలపు భయం అని కొట్టిపారేయొద్దు. అక్కడ ఇప్పుడు చదువుతున్న సీనియర్‌తో వాళ్లను ఫోన్‌లో మాట్లాడించు.

ఎంఎస్‌కు పోయేవాళ్లకు

ఇది చూస్తున్న వాళ్లలో అమెరికా ప్లాన్ ఉన్నవాళ్లు కూడా ఉంటారు. అక్కడ లెక్క తిరగబడుతుంది. సాల్ట్ లేక్ సిటీలోని యూనివర్సిటీ ఆఫ్ యూటా నుంచి ఆల్టా, స్నోబర్డ్ లాంటి స్కీ రిసార్ట్‌లు గంటలోపే, సీజన్‌లో స్కీ బస్సు ఉంటుంది. కొలరాడోలో బౌల్డర్ నుంచి ఎల్డోరాకు కూడా బస్సు ఉంది. మిషిగన్ టెక్‌కు అయితే మాంట్ రిప్లీ అని సొంత స్కీ కొండే ఉంది. అక్కడ వీకెండ్‌లో పోయి రావచ్చు, కాబట్టి దూరం నిజంగానే పనికొస్తుంది.

కానీ అడ్డం వచ్చేది డబ్బు. పెద్ద రిసార్ట్‌లలో ఒక్కరోజు టికెట్ వంద డాలర్లు దాటడం మామూలే. స్టూడెంట్ సీజన్ పాస్ ముందే కొంటే చాలా తగ్గుతుంది. ఎఫ్-1 మీద సెమిస్టర్‌లో వారానికి 20 గంటలే క్యాంపస్ పని. లోన్ వడ్డీ ఇక్కడ నాయన కడుతుంటాడు. పడితే మోకాలి లిగమెంట్ పోయే ఆట ఇది. ఇన్సూరెన్స్‌లో ముందు మన జేబు నుంచి ఎంత కట్టాలో చదవకుండా కొండ ఎక్కొద్దు.

నేనైతే ఏం చేస్తానంటే

ఒక పేపర్ తీసుకో. పైన బ్రాంచ్ రాయి. నాలుగేళ్లు పొద్దున లేచి చదవాల్సింది దాన్ని. కింద డబ్బు రాయి. ఫీజు ఒక్కటే కాదు, ఏడాదికి రెండుసార్లు రానుపోను ఖర్చు, చలి బట్టలు కూడా. మూడో వరసలో స్కీయింగ్ రాయి, కానీ మాటల్లో కాదు, రోజుల్లో. పైన రెండూ సమానంగా ఉంటే మూడోది నిర్ణయించనీ. సమానంగా లేకపోతే ఏడాదికి 14 రోజుల కోసం మిగతా 351 రోజులను మార్చొద్దు.

తర్వాత ఆ కాలేజీ సీనియర్‌కు ఫోన్ చేసి "స్కీయింగ్ ఉంటుందా అన్నా" అని అడగొద్దు. ఉంటుందనే చెప్తాడు. "పోయిన సీజన్‌లో నువ్వు ఎన్నిసార్లు పోయినావు? ఎంత ఖర్చయింది? సెలవులు ఏ తేదీ నుంచి ఏ తేదీ దాకా? సెలవుల్లో హాస్టల్‌లో ఉండనిస్తారా?" అని అడుగు. ఈ నాలుగు ప్రశ్నలు ఏ ఆటకైనా పనికొస్తాయి. నేను ఆ రోజు "గ్రౌండ్‌లో సాయంత్రం ఎన్నింటి దాకా ఉండొచ్చు" అని ఒక్క ప్రశ్న అడిగుంటే చాలు.

"నేను ఒలింపిక్స్‌కు పోవాలన్నా" అంటే కూడా నిజం చెప్తా. 2022 బీజింగ్ వింటర్ ఒలింపిక్స్‌కు మన దేశం నుంచి వెళ్లింది ఒక్కడే, ఆరిఫ్ ఖాన్. గుల్‌మార్గ్ ప్రాంతం వాడు, చిన్నపిల్లాడిగానే స్కీలు కట్టుకున్నాడు. 18 ఏళ్లకు మొదలుపెట్టి కొండ దిగే రేసుల్లో ఆ స్థాయికి రావడం చాలా కష్టం. కానీ పక్కనే కర్ణాటకలో కొడగు అమ్మాయి భవానీ తెక్కడ ఉంది. కాఫీ తోటల ఊరు, మంచు లేదు. క్రాస్ కంట్రీ స్కీయింగ్‌లో, అంటే మంచు మీద దూరం పరిగెత్తే రకంలో, దేశం తరఫున పోటీ పడింది. ఎన్‌సీసీ నుంచి వచ్చిన అమ్మాయి. ఎన్‌సీసీ వాళ్లు క్యాడెట్లను పర్వతారోహణ కోర్సులకు పంపిస్తారు. నువ్వు ఏ కాలేజీలో చేరినా మొదటి వారంలో "ఇక్కడ ఎన్‌సీసీ ఉందా" అని అడుగు. మన జేబుకు అది దగ్గర దారి.

ఇక నీ మెసేజ్‌కు జవాబు. నీకు సివిల్ ఇష్టమైతే, మీ ఇంట్లో ఖర్చు భరించగలిగితే, ధైర్యంగా శ్రీనగర్ పో. మొదటి చలికాలం సెలవుల్లో కోర్సు చేసే ఇంటికి రా. సివిల్ ఇష్టం లేకుండా మంచు కోసమే అయితే వద్దు. జేఎన్‌టీయూలో ఈసీఈ చదువు, నాలుగేళ్లలో ఒక్క జనవరికి అటెండెన్స్ దాచుకో.

నువ్వు ఇంతవరకు మంచును ముట్టుకోలేదని కూడా మెసేజ్ చివర్లో రాశావు. అది చిన్న విషయం కాదు. ఆ రెండు వారాల తర్వాత నీకు ఇంకా పిచ్చి ఎక్కొచ్చు, లేదా చలికి దండం పెట్టి రావొచ్చు. ఏదైనా సరే, అది రెండు వారాల్లో తెలుసుకోవాల్సిన సంగతి, నాలుగేళ్ల సీటుతో కాదు.

ఇంకో మాట. ఈ పేపర్ మీ నాయన ముందు పెట్టి, పక్కన కూర్చుని లెక్క చూపించు. ఎకరాకు ఎన్ని బస్తాలు వస్తాయో, ఏ ఏడాది వాన మోసం చేస్తుందో ఆయన బతుకంతా లెక్క వేసినోడు. "మంచులో జారేకి పోతా" అంటే తిడతాడు. "ఏడాదికి 14 రోజులు, ఇంత ఖర్చు, నాలుగేళ్లలో ఒక ఏడాది కరువు" అంటే, కనీసం వింటాడు.

మీ కాలేజీలో గ్రౌండ్ సాయంత్రం ఎన్నింటి దాకా తెరిచి ఉంటుందో కింద రాయండి. ఆప్షన్లు పెట్టుకునే తమ్ముళ్లకు, చెల్లెళ్లకు పనికొస్తుంది. మళ్లీ కలుద్దాం, ఉంటా.