అంతర్జాల పాఠం: వెతకడం వేరు, నేర్చుకోవడం వేరు

విద్యార్థికి ఒక అంశం చెప్పి, 'అంతర్జాలంలో చూసి రాసుకొని రా' అని పంపడం నేడు అనేక పాఠశాలల్లో కనిపించే పద్ధతి. దీని ఫలితమేమిటి? మొదట దొరికిన పుటలోని వాక్యాలు యథాతథంగా నోటు పుస్తకంలోకి వచ్చి చేరుతాయి. చేతికి శ్రమ కలుగుతుంది. బుద్ధికి మాత్రం పని ఉండదు. ఈ లోపం అంతర్జాలానిది కాదు, అప్పగించిన పనిది.

ఈ లోపాన్ని సవరించగల ఒక అభ్యాస పద్ధతిని 1995లో అమెరికాలోని శాన్ డియాగో స్టేట్ యూనివర్సిటీ ఆచార్యులు బెర్నీ డాడ్జ్ రూపొందించారు. టామ్ మార్చ్ అందులో ఆయనకు తోడ్పడ్డారు. దాని పేరు వెబ్‌క్వెస్ట్. విద్యార్థి సమయం సమాచారాన్ని వెతకడంలో కాక, దానిని వినియోగించడంలో గడవాలన్నది దీని మూలసూత్రం. అందుచేత చూడవలసిన పుటలను ఉపాధ్యాయుడే ముందుగా చదివి, ఎంపిక చేసి ఇస్తాడు.

తర్వాత స్థిరపడిన రూపంలో ఈ పాఠానికి ఆరు భాగాలున్నాయి: ప్రవేశిక, కర్తవ్యం, విధానం, వనరులు, మూల్యాంకనం, ముగింపు. వీటిలో కర్తవ్యమే ప్రాణం వంటిది. అది సరిగా లేకపోతే మిగిలిన అయిదూ అలంకారాలుగా మిగిలిపోతాయి.

ఒక ఉదాహరణ తీసుకుందాం. 1908 సెప్టెంబరు 28న మూసీ నది పొంగి హైదరాబాదు నగరాన్ని ముంచెత్తింది. 'మూసీ వరదను గురించి వ్రాయుము' అని అడిగితే విద్యార్థి నకలు తీసుకువస్తాడు. దానికి బదులు ఇలా అడగవచ్చు: 'ఆ వరద తర్వాత చేపట్టిన రక్షణ చర్యలు నేటి నగరానికి చాలునా? మీ అభిప్రాయాన్ని ఆధారాలతో నగర పాలకులకు లేఖగా వ్రాయండి.' ఈ ప్రశ్నకు సిద్ధమైన జవాబు ఏ ఒక్క పుటలోనూ ఉండదు.

ఇక విధానం. నలుగురు విద్యార్థులు ఒక జట్టు. ఒకరు వరదకు గల కారణాలను చూస్తారు. మరొకరు మోక్షగుండం విశ్వేశ్వరయ్య ఇచ్చిన సలహాలను, 1920లో పూర్తయిన ఉస్మాన్ సాగర్‌ను, 1927లో పూర్తయిన హిమాయత్ సాగర్‌ను అధ్యయనం చేస్తారు. మూడవవారు నాటి ప్రజల కష్టనష్టాలను, నాలుగవవారు నేటి నదీతీర పరిస్థితిని పరిశీలిస్తారు. తర్వాత నలుగురూ కూర్చొని తాము తెలుసుకున్నవాటిని కలిపి ఒక నిర్ణయానికి రావాలి. ఒకరి భాగం లేకుండా మరొకరి పని పూర్తికాదు.

ఇక్కడే అసలైన విద్య మొదలవుతుంది. ఆ వరదలో మరణించినవారి సంఖ్య అన్నిచోట్లా ఒకే విధంగా కనిపించదు. ఏ సంఖ్యను నమ్మాలి? దానిని ఎవరు చెప్పారు? ఎప్పుడు, ఏ ఆధారంతో చెప్పారు? ఇటువంటి ప్రశ్నలు విద్యార్థికి ఎదురయ్యేలా ఉపాధ్యాయుడు ఒకదానితో ఒకటి పొసగని వనరులను కూడా ఉద్దేశపూర్వకంగానే చేర్చాలి.

మూల్యాంకనం ఎలా జరుగుతుందో పని ప్రారంభానికి ముందే విద్యార్థులకు చెప్పాలి. ఆధారాలను పోల్చినందుకు ఎన్ని మార్కులు, వాదనలో పొందికకు ఎన్ని, జట్టులో సహకారానికి ఎన్ని అన్నది స్పష్టంగా ఉండాలి. అందమైన బొమ్మలకే ఎక్కువ మార్కులు వేస్తే విద్యార్థులు బొమ్మలే తెస్తారు.

చిన్న పాఠానికి ఒకటి నుండి మూడు తరగతుల సమయం చాలు. పెద్దదానికి వారం నుండి నెల పట్టవచ్చు. కంప్యూటర్లు తక్కువగా ఉన్నచోట జట్టుకు ఒకటి చాలు. అదీ లేకపోతే ఎంపిక చేసిన పుటలను అచ్చుతీసి ఇవ్వవచ్చు.

నేడు కృత్రిమ మేధ క్షణాలలో వ్యాసం వ్రాసి చేతికిస్తున్నది. కనుక జట్టు వ్రాసిన లేఖను తీసుకోవడంతో ఉపాధ్యాయుని బాధ్యత తీరదు. 'ఈ మాట ఎక్కడిది? దీనినే ఎందుకు నమ్మారు?' అని ఒక్కొక్కరినీ నోటితో అడగాలి. ఎదుట నిలబడి దానికి సమాధానం చెప్పగలిగిన విద్యార్థి ఆ విషయాన్ని నేర్చుకున్నట్లే. చెప్పలేకపోతే అతని కాగితం ఎంత చక్కగా ఉన్నా పాఠం ఇంకా పూర్తికాలేదని గ్రహించాలి.