రొయ్యకు పుట్టిల్లేది?

పెళ్ళి సంబంధానికి వెళ్ళినవారు ముందుగా అడిగేది వూరూ, వంశమూ. భీమవరం నుంచి ఐరోపాకు బయలుదేరిన రొయ్యను కూడా అక్కడివారు ఇలాగే అడుగుతారంటే నవ్వు వస్తుంది. కాని ఆ జవాబు మీదనే మన గోదావరి జిల్లాల్లో ఎన్నో ఇళ్ళలో పొయ్యి వెలగడం ఆధారపడి వున్నది.

వర్తక ఒప్పందాల్లో దీనిని మూలదేశ నిబంధన అంటారు. సుంకంలో రాయితీ సరుకు ఏ దేశానిదో ఆ దేశానికే గాని, వూరికే ఓడ ఎక్కించిన దేశానికి కాదు. రాయితీ లేని వనామీ రొయ్యకు ఐరోపా సుంకం నూటికి 12. రాయితీతో మనకు 4.2 పడుతూ వచ్చింది. తేడా చిన్నదా చెప్పండి!

సముద్రపు చేప సంగతి మరీ తమాషా. మన తీరజలాల్లో పడితే మనదే. అవి దాటి పడితే చేపను చూడరు, పడవ మీది జెండాను చూస్తారు. యజమాని ఏ దేశస్థుడని కూడా అడుగుతారు.

మరి చెరువు రొయ్య? 2009లో మన దేశం అనుమతించిన వనామీ అసలు పుట్టిల్లు అమెరికా ఖండపు పసిఫిక్ తీరం. తల్లి రొయ్యలను హవాయి, ఫ్లోరిడాల నుంచి విమానంలో తెప్పించి, చెన్నైలో క్వారంటైనులో వుంచి హేచరీలకు ఇస్తూ వచ్చారు. తల్లి పరదేశీ అయితేనేం? పిల్ల ఇక్కడ పుట్టి, మన చెరువులో పెరిగింది గనుక మన రొయ్యే! అదే, ఇంకో దేశంలో పెరిగినదాన్ని తెచ్చి ఇక్కడ తల తీసి, ఒలిచి, గడ్డకట్టించి పంపితే ఐరోపా ఒప్పుకోదు. ఎంత నేర్పుగా ఒలిచినా గోత్రం మారదు!

ఈ పట్టింపు మన రైతుకు ఒక కాపలా. రాయితీ కావాలంటే ప్లాంటువారు ఇక్కడి చెరువుల సరుకే కొనాలి. ఒలిచే ఆడవారి కూలీ కూడా ఆ చెరువులతోనే ముడిపడి వున్నది. అయితే దెబ్బ తగిలేదీ మూలదేశం చూసే. 2025 ఆగస్టులో అమెరికా మన రొయ్య మీద కొత్త సుంకాన్ని 50 శాతానికి పెంచినప్పుడు, మరో దేశం మీదుగా పంపి తప్పించుకునే దారి లేకపోయింది. అంతకు నెల ముందు, జూలై 24న, బ్రిటనుతో కుదిరిన ఒప్పందంలోనూ మూలదేశ నిబంధనలు వున్నాయి.

చిక్కంతా రుజువులో వున్నది. ఏ హేచరీ పిల్ల, ఏ చెరువు, ఏనాటి పట్టుబడి? పెద్ద రైతుకు గుమాస్తా వుంటాడు. రెండెకరాల రైతు సరుకు దళారీ లారీలో పదిమంది సరుకుతో కలిసిపోతుంది. చీటీ లేని రొయ్య ఎంత మంచి కౌంటుదైనా అనాథే.

మా కాలేజీలో చదివేవారిలో చెరువు రైతుల బిడ్డలు చాలామంది. వారితో నేననేది ఒక్కటే: మీ నాన్నగారి చెరువు లెక్క ఇకనుంచి మీరు రాయండి. ఆ నాలుగు ముక్కలే మీ రొయ్యకు జాతకం.