పందిరి గుంజలు

అమెరికాలో మా అబ్బాయి ఇంట్లో, శనివారం మధ్యాహ్నాలు టెలివిజన్‌లో కాలేజీ ఫుట్‌బాల్ చూస్తున్న కొత్తలో నాకు అది ఆటో, తగువో బోధపడలేదు. పేరు ఫుట్‌బాల్; బంతి ఉండేది చేతిలో! బంతి పట్టినవాడు పరుగెడుతుంటే మైదానమంతా కేకలు. నా చూపు మాత్రం వాడి ముందు నిలబడి, మీదికొచ్చేవాళ్ళను తోసి దారి చేసే అయిదుగురు భారీ మనుషుల మీద పడింది.

"వీళ్ళ సంగతేమిట్రా?" అన్నాను.

"వాళ్ళనెవరూ చూడరు నాన్నా!" అన్నాడు.

నిజమే. పెళ్ళికొడుకును అందరూ చూస్తారు గాని, పందిరి గుంజ వంక చూసేదెవరు?

ఆ తరవాత జాన్ హిక్స్ సంగతి చదివాను. ఒహాయో స్టేట్ ఆటగాడు. మోకాలి దెబ్బతో 1971 ఆటలన్నీ పోగొట్టుకుని, మళ్ళీ లేచాడు. 1973లో అవుట్‌లాండ్, లంబార్డీ బహుమతులు రెండూ అతనివే. అన్నిటికన్న పెద్దదైన హైస్‌మన్ ట్రోఫీ వోట్లలో మాత్రం రెండోవాడయ్యాడు. మొదటివాడు, బంతి పట్టి పరుగెత్తే జాన్ కాపెలెటీ.

విచిత్రమేమంటే, హిక్స్ చేసిన దారిలో పరుగెత్తిన ఆర్చీ గ్రిఫిన్ 1974, 1975లలో వరసగా ఆ ట్రోఫీ అందుకున్నాడు. గ్రిఫిన్ గొప్పవాడే, కాదనను. కాని 1935లో ఆ ట్రోఫీ పుట్టింది మొదలు, దారి చేసే ఆ అయిదుగురి స్థానాల్లో ఆడేవాడికి ఒక్కడికీ అది దక్కలేదు. హిక్స్ 2016లో కన్నుమూశాడు.

మొన్న భోజనాల దగ్గర మావాడు తన ప్రమోషన్ కబురు చెబుతున్నాడు. మా ఆవిడ గరిటెతో వంటింటి గుమ్మంలోనే నిలబడి వింటోంది.

"నువ్వూ వచ్చి కూర్చో" అన్నాను.

ఇన్నేళ్ళలో అలా అనడం అదే మొదటిసారి కాబోలు!