అలవాటు – సంప్రదాయము

చిరకాలముగ చెల్లుచున్న యలవాటునే సంప్రదాయమని భ్రమించుట సర్వత్ర కలదు. ఐరోపా సంగీతమున ఈ భ్రమను తొలగింప యావజ్జీవము పాటుపడిన వాద్యబృంద నాయకుడు నికొలౌస్ హార్నన్‌కోర్ట్.

1929లో జన్మించిన యీతడు 1952లో వియన్నా సింఫనీ వాద్యబృందమున చెల్లో వాదకుడుగ చేరెను. బాఖ్, మోజార్టుల కృతులను అచ్చట మృదుమధురముగ వాయించు తీరు అతనికి నిర్జీవముగ దోచెను. 1953లో భార్య ఆలిస్‌తోను, తోడి వాదకులతోను 'కాన్సెంటస్ మ్యూజికస్' అను సంఘమును స్థాపించెను. జంతువుల ప్రేగులతో పేనిన తంత్రులు గల పాత వాద్యములను సేకరించి, పూర్వుల లక్షణగ్రంథములను శోధించి, నాలుగేండ్లు సాధన చేసిన పిమ్మటగాని సభ కెక్కలేదు. 1969లో, నలువదియవ యేట, జీతపు కొలువును విడిచెను.

ఆ నాదము కర్కశమని పలువురు నిందించిరి. అతడు చలింపలేదు. 1971 మొదలు సుమారు రెండు దశాబ్దములు గుస్తాఫ్ లియోన్‌హార్ట్‌తో పాలుపంచుకొని, బాఖ్ క్రైస్తవాలయములకై రచించిన కాంటాటా గేయములను దాదాపు ఇన్నూటిని పాత వాద్యములతోనే ధ్వనిముద్రణము గావించెను. కడకు బెర్లిను, వియన్నా ఫిల్హార్మోనిక్ బృందములే యతనిని తమకు నాయకత్వము వహింప నాహ్వానించెను. 2016 మార్చిలో గతించెను.

మూలమును వెదకువాడు తొలుత సంప్రదాయద్రోహిగ కనబడును. దానిని నిజముగ కాపాడినవా డతడేయని లోకము గుర్తించుటకు ఒక జీవితకాలము పట్టును.