శుక్లం ముదిరేదాకా ఆగాలా?

కంటి శిబిరం పెడుతున్నారని ఊళ్లో టముకు వేయించిన రోజులు చాలామంది పెద్దలకు ఇంకా గుర్తే. బళ్లో బెంచీలు పక్కకు జరిపి చాపలు పరిచేవారు. ఆపరేషన్ అయినవాళ్లు తలకు అటూ ఇటూ ఇసుక మూటలు పెట్టుకుని వెల్లకిలా పడుకునేవారు. దగ్గితే భయం, తుమ్మితే భయం. కొన్ని వారాలయ్యాక సోడాబుడ్డి కళ్లద్దాలు చేతికొచ్చేవి. ఆ శిబిరాల కాలం పోయింది, ఆ ఆపరేషనూ పోయింది. దాంతోపాటు పోవాల్సిన సలహా ఒకటి మాత్రం ఇంకా ఇళ్లలో తిరుగుతోంది: ‘శుక్లం ఇంకా ముదరలేదు, కొన్నాళ్లు ఆగు.’

ఈ సలహా ఎక్కణ్నించి వచ్చిందో తెలియాలంటే కంటి లోపల ఏం జరుగుతుందో చూడాలి. కంటి నడుమ నల్లగా కనిపించే పాప నిజానికి ఒక రంధ్రం. దాని వెనకే సెంటీమీటరుకు కాస్త తక్కువ వెడల్పుతో, 4 మిల్లీమీటర్లకు అటూ ఇటూ మందంతో ఒక కటకం ఉంటుంది. దాని బరువులో మూడోవంతు ప్రొటీన్లు, మిగతాదంతా నీరే. వెలుతురుకు అడ్డు రాకూడదు కాబట్టి అందులో రక్తనాళాలుండవు. ఒంట్లో చర్మం, రక్తం ఎప్పటికప్పుడు కొత్తవవుతుంటాయి. కటకానికి ఆ సౌకర్యం లేదు. పైన కొత్త పొరలు చేరతాయి తప్ప పాతవి ఎక్కడికీ పోవు. దాని నడిబొడ్డున ఉన్న ప్రొటీన్లు మనిషి తల్లి కడుపులో ఉండగా తయారైనవి. ఎనభయ్యో ఏట కూడా అవే పని చేయాలి.

అన్నేళ్ల ఎండ, వయసు తాకిడికి ఆ ప్రొటీన్లు మెల్లగా ఆకారం చెడి ఒకదానికొకటి అతుక్కుంటాయి. కోడిగుడ్డులో తెల్లసొన ఉడికితే తెల్లబడినట్టు, పారదర్శకంగా ఉన్న కటకం మబ్బుపడుతుంది. అదే శుక్లం. అది కంటి మీద పెరిగే పొర కాదు. అందుకే పైన పోసే ఆకు పసర్లూ తేనే ఏమీ చేయలేవు, నల్లగుడ్డుకు పుండు తెచ్చిపెట్టడం తప్ప. శుక్లాన్ని కరిగించే చుక్కల మందు కూడా ఇంతవరకూ లేదు. ఉందని ఎవరైనా సీసా అమ్మితే జేబు భద్రం.

శుక్లం ఒక్క రోజులో చూపు తీసుకుపోదు. రాత్రి బండి నడుపుతుంటే ఎదురొచ్చే లారీ లైట్లు చీలి కళ్లల్లో పడతాయి. బియ్యంలో రాళ్లు చేతికి తగులుతాయి తప్ప కంటికి దొరకవు. నీలం చీర ఏదో, నల్ల చీర ఏదో తేల్చుకోవడం కష్టమవుతుంది. ఆరు నెలలకోసారి అద్దాల నంబరు మారుతుంది. ఇంకో తమాషా ఉంది. నలభై దాటాక చత్వారం వచ్చి, అద్దాలు లేనిదే పేపరు చదవలేని తాతగారు అరవై అయిదో ఏట అద్దాలు పక్కన పెట్టి చదవడం మొదలుపెడతారు. చూపు తిరిగొచ్చిందని ఇల్లంతా సంబరం. కటకం మధ్యభాగం గట్టిపడటంతో వెలుతురును వంచే శక్తి పెరిగి, కొన్నాళ్లు దగ్గరి చూపు బాగుపడిందన్నమాట. అదే సమయంలో దూరపు చూపు తగ్గుతుంటుంది. ఆ సంబరం శుక్లం పంపిన మొదటి కబురు.

ఇక ముదరడం సంగతి. పాత పద్ధతిలో కటకాన్ని దాని సంచితో సహా మొత్తంగా బయటికి లాగేసేవారు. గడ్డకట్టేంత చల్లని మొనను కటకానికి అంటించి, అతుక్కోగానే పైకి తీయడం అందులో ఒక విధానం. దానికోసం కన్ను దాదాపు సగం చుట్టూ కోసి, తర్వాత కుట్లు వేయాలి. ముదిరిన శుక్లమైతే పట్టు వదిలి తేలిగ్గా వచ్చేది. ఆపైన కటకం లేని కంటికి ఆ సోడాబుడ్డి అద్దాలే దిక్కు. వాటిలోంచి చూస్తే ప్రతి వస్తువూ పావువంతు పెద్దగా కనిపిస్తుంది. మెట్టు ఎక్కడుందో కాలికి అంతుబట్టదు, చెంబు అందుకోబోతే చెయ్యి ముందే ఆగిపోతుంది. అంత కష్టపడి తెచ్చుకునే చూపు అంతంతమాత్రం కాబట్టి, ఉన్న చూపు దాదాపు పోయేదాకా ఆగమనడం ఆనాటి డాక్టర్లకు న్యాయమే.

లెక్క మారింది లండన్‌లో. రెండో ప్రపంచ యుద్ధంలో యుద్ధవిమానాల అద్దాలు పగిలి, ఆ ప్లాస్టిక్ ముక్కలు కొందరు పైలట్ల కళ్లల్లో దిగబడ్డాయి. వాటిని కన్ను కాదనకుండా ఊరుకోవడం హెరాల్డ్ రిడ్లీ అనే డాక్టర్ గమనించారు. 1949 నవంబర్ 29న సెయింట్ థామస్ ఆసుపత్రిలో అలాంటి ప్లాస్టిక్‌తోనే చేసిన కటకాన్ని ఒక మహిళ కంటిలో అమర్చారు. పవర్ లెక్క బాగా తప్పింది, ఆమెకు దూరం సరిగా ఆనలేదు. కానీ కన్ను కటకాన్ని ఒప్పుకుంది. కంట్లోంచి ఏదైనా తీయాలి గానీ లోపల పెట్టడమేమిటని తోటి డాక్టర్లు ఏళ్ల తరబడి ఆయన్ను తప్పుపట్టారు. వృద్ధాప్యంలో రిడ్లీ తన కళ్లకూ కృత్రిమ కటకాలే పెట్టించుకున్నారు.

1967లో అమెరికాలో చార్లెస్ కెల్మన్ మరో మలుపు తిప్పారు. పళ్ల డాక్టరు గార తీయడానికి వాడే అల్ట్రాసౌండ్ పరికరం చూసి, అదే కంపనంతో శుక్లాన్ని పొడి చేసి పీల్చేయొచ్చని ఆయనకు తట్టింది. నేడు పెద్ద ఆసుపత్రులన్నింటిలో చేసే ‘ఫేకో’ ఇదే. జనం దాన్ని లేజర్ ఆపరేషన్ అంటుంటారు గానీ, మామూలు ఫేకోలో లేజర్ ఉండదు.

ఆపరేషన్ బల్ల మీద జరిగేది చూస్తే ఆశ్చర్యమేస్తుంది. ముందు చుక్కలు వేసి పాపను పెద్దది చేస్తారు, కంటికి మత్తిస్తారు. నల్లగుడ్డు అంచున 2, 3 మిల్లీమీటర్ల గాటు. కటకపు సంచి ముందు భాగంలో గుండ్రంగా చిన్న కిటికీ తెరుస్తారు. శుక్లాన్ని ముక్కలు చేసి పీల్చి, ఖాళీ అయిన సంచిలోకి చుట్టచుట్టిన కొత్త కటకాన్ని సన్నని గొట్టంతో వదులుతారు. అది లోపల మెల్లగా విచ్చుకుంటుంది. చాలా కళ్లకు ఇదంతా అరగంటలోపు పని. కుట్లు అక్కర్లేదు, ఆ రోజే ఇంటికి వెళ్లొచ్చు. మన దేశంలో ఖరీదైన యంత్రం లేకుండా, కాస్త పెద్ద గాటుతో, కుట్లు లేకుండానే చేసే పద్ధతి కూడా విరివిగా నడుస్తోంది. బాగా ముదిరిన శుక్లాలకు చాలాచోట్ల అదే వాడతారు. మదురైలో అరవింద్ కంటి ఆసుపత్రి వాళ్లు 1992లో ఆరోలాబ్ పెట్టి కటకాలను ఇక్కడే చవగ్గా తయారుచేయడంతో, దిగుమతి సరుకుగా ఉన్న వస్తువు పేదవాడి కంటికీ అందింది.

ఇప్పుడు తలకిందులైన విషయం ఇదే. ముదిరిన శుక్లం రాయిలా గట్టిపడుతుంది. పొడి చేయడానికి ఎక్కువ అల్ట్రాసౌండ్ కావాలి. ఆ దెబ్బ నల్లగుడ్డు లోపలి కణాలకు తగులుతుంది, అవి మళ్లీ పుట్టవు. మరీ ఆలస్యమైతే శుక్లం ఉబ్బి లేదా కారి కంట్లో ఒత్తిడి పెంచుతుంది. కన్ను ఎర్రబడి, తల పగిలేంత నొప్పితో నీటికాసుల జబ్బు తెస్తుంది. అలా కంటి నరం దెబ్బతింటే పోయిన చూపు ఏ ఆపరేషన్‌తోనూ రాదు. షుగరు ఉన్నవాళ్లకు ఇంకో చిక్కు. శుక్లం అడ్డంగా ఉంటే వెనక కంటితెర మీద మొదలైన జబ్బు డాక్టరుకు సరిగా కనిపించదు. అలాగని శుక్లం పేరు వినగానే పరుగెత్తనక్కర్లేదు. రోజువారీ పనికి చూపు అడ్డొస్తోందంటే అదే సమయం. శుక్లం రంగు చూసి కాదు, మనిషి బతుకు చూసి తేల్చాల్సిన విషయం ఇది.

హైదరాబాద్‌లో గుళ్లపల్లి నాగేశ్వరరావు 1987లో ప్రారంభించిన ఎల్వీ ప్రసాద్ కంటి ఆసుపత్రి 1996-2000 మధ్య ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో ఓ పెద్ద సర్వే చేసింది. హైదరాబాద్, పశ్చిమ గోదావరి, ఆదిలాబాద్, మహబూబ్‌నగర్ జిల్లాల్లో పదివేలకు పైగా జనాన్ని పరీక్షించారు. అంధత్వంలో దాదాపు 44 శాతానికి కారణం శుక్లమే. ఇంకో 16 శాతానికి సరైన కళ్లద్దాలు లేకపోవడం కారణం. అంటే చూపు లేనివాళ్లలో సగానికి మించి నయం చేయదగ్గవాళ్లే. 2015-19 జాతీయ సర్వేలోనూ యాభై దాటినవారి అంధత్వానికి మొదటి కారణం శుక్లమే. తెలంగాణలో 2018లో, ఆంధ్రప్రదేశ్‌లో 2019లో ‘కంటి వెలుగు’ పేరుతో ప్రభుత్వాలు పరీక్షలు ఊళ్లోకే తెచ్చాయి. పరీక్ష ఊరికి వచ్చినా, ‘నాకెందుకులే ఈ వయసులో’ అని మంచం మీదే ఉండిపోయే అవ్వల సంగతి ఇంట్లోవాళ్లే చూసుకోవాలి.

శుక్లం రాకుండా పూర్తిగా ఆపలేం గానీ, తొందరగా రాకుండా చూసుకోవచ్చు. చుట్ట, బీడీ, సిగరెట్ మానడం, షుగరు అదుపులో ఉంచడం అన్నిటికంటే ముఖ్యం. పొలంలో, ఎండలో పనిచేసేవాళ్లకు అంచున్న టోపీ, మంచి చలువ అద్దాలు మేలు. కళ్లు ఎర్రబడినప్పుడల్లా మందుల షాపులో అడిగి తెచ్చుకునే చుక్కల్లో స్టీరాయిడ్ ఉండొచ్చు. నెలల తరబడి వాడితే శుక్లమూ వస్తుంది, నీటికాసులూ వస్తాయి. చంటిపిల్లలకూ శుక్లం రావచ్చు. గర్భిణికి రుబెల్లా సోకడం ఒక కారణం, దానికి టీకా ఉంది. పసిబిడ్డ కంటిపాప తెల్లగా కనిపిస్తే ఒక్క వారం కూడా ఆగకూడదు. మెదడు చూడటం నేర్చుకునే వయసు దాటిపోతుంది.

ఆపరేషన్ అయ్యాక పథ్యం పేరుతో వంకాయ, గోంగూర మాన్పించనక్కర్లేదు. కన్ను నలపకుండా, డాక్టరు చెప్పినన్నాళ్లు కంట్లో నీళ్లు పడకుండా చూసుకుంటూ, చుక్కలు వేళకు వేసుకుంటే చాలు. నొప్పి పెరిగినా చూపు తగ్గినా అదే రోజు ఆసుపత్రికి వెళ్లాలి. నెలలో ఏళ్లో గడిచాక మళ్లీ మసకబారితే అది కొత్త శుక్లం కాదు. చాలావరకు కటకం వెనక సంచి మబ్బుపట్టడమే. దానికి మాత్రం నిజంగానే లేజర్ వాడతారు, నిమిషాల్లో అయిపోతుంది.

ఇంట్లో యాభై దాటిన పెద్దవాళ్లుంటే గోడ మీది తెలుగు క్యాలెండర్ ముందు నిలబెట్టండి. ఒక కన్ను మూసి తేదీ అంకె కింద ఉన్న తిథీ వర్జ్యం చదవమనండి, తర్వాత రెండో కన్ను. రెండూ తెరిచి చూస్తే బాగున్న కన్ను చెడ్డ కన్నును దాచేస్తుంది. ఏ కన్ను తడబడినా షుగరు, బీపీ కాగితాలతో కంటి డాక్టరు దగ్గరికి తీసుకెళ్లండి. ప్రభుత్వ ఆసుపత్రుల్లో శుక్లం ఆపరేషన్, కటకం రెండూ ఉచితమే.